సొంతూళ్లో ఒక గోల్

*జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో నిజామాబాద్ తండా అమ్మాయి దేశంలోనే మేటి అనిపించుకుంది. ఆ లీగ్‌లో తెలుగువాళ్ల జట్టు మాత్రం ఒక్కటీ లేదు.*

2025 ఏప్రిల్ 4, శుక్రవారం. కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్లో లోకల్ రైలెక్కి ఉత్తరంగా యాభై కిలోమీటర్లు పోతే కల్యాణి వస్తుంది. ఆ ఊరి స్టేడియంలో ఎరుపు, బంగారు రంగు జెర్సీల ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఒక్క గోల్ కోసం ఊపిరి బిగబట్టి పరిగెడుతున్నారు. ఎదుట ఒడిశా ఎఫ్‌సీ. కిందటేడు కప్పు పట్టుకెళ్లింది వాళ్లే. ఈ మ్యాచ్ గెలిస్తే, లీగ్ ముగియడానికి ఇంకా రెండు వారాలుండగానే టైటిల్ ఈస్ట్ బెంగాల్‌దే. అరగంట అయింది. విరామం అయింది. గంట దాటింది. స్కోరు సున్నా దగ్గరే ఆగిపోయింది.

67వ నిమిషంలో బంతి వలను తాకింది. కొట్టింది మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్.

ఆమెది కల్యాణే. దేశమంతా తిరిగి ఆడిన అమ్మాయి, సరిహద్దు కాపలా కాసే సశస్త్ర సీమా బల్‌లో ఉద్యోగం చేస్తూ ఆటను నిలుపుకున్న అమ్మాయి, సరిగ్గా సొంతూళ్లో, తన ఊరివాళ్ల కళ్లముందు క్లబ్‌కు జాతీయ టైటిల్ తెచ్చిపెట్టింది. 1-0. అంతే తేడా. పురుషుల జట్టు 2003-04లో నేషనల్ లీగ్ గెలిచాక ఈస్ట్ బెంగాల్ గడపలోకి మళ్లీ జాతీయ లీగ్ కప్పు రాలేదు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత దాన్ని తెచ్చింది అమ్మాయిలు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు అభిమానుల ఇళ్లలో ఇలిష్ చేప వండుకోవడం ఆనవాయితీ. గోదావరి ఒడ్డున మనం పులస అని ప్రాణం పెట్టే చేపే అది. ఇన్నేళ్లూ మగవాళ్ల గెలుపుల కోసం పొయ్యి మీదికెక్కిన కూర, ఈసారి ఆడపిల్లల పేరు మీద ఉడికింది.

పెట్టె సర్దుకుని వెళ్లే లీగ్

సొంతూళ్లో మ్యాచ్ ఆడడం గొప్పేమిటని అనిపించవచ్చు. మగవాళ్ల ఆటలో అది మామూలే. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో అది ఈమధ్యే వచ్చిన మార్పు.

ఇండియన్ విమెన్స్ లీగ్ తొలి సీజన్ చివరి దశ 2017లో ఢిల్లీలో జరిగింది. జనవరి చివర మొదలై ఫిబ్రవరి 14న ముగిసింది. జట్లు ఆరు. ఫైనల్ దాకా వెళ్లిన జట్టు ఆడేది ఏడు మ్యాచ్‌లు, అవీ మూడు వారాల్లోపే. మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ 3-0తో ఒడిశా జట్టు రైజింగ్ స్టూడెంట్స్‌ను ఓడించి తొలి విజేత అయింది. ఆ ఆరు జట్లలో హర్యానాలోని భివానీ జిల్లా నుంచి వచ్చిన అలఖ్‌పురా కూడా ఉంది. అది ఏ నగరమో, ఏ కంపెనీయో పెట్టిన జట్టు కాదు. ఒక పల్లెటూరు. సర్కారు బడి పిల్లలు బంతి పట్టుకుని మొదలుపెట్టిన ఆట ఊరు మొత్తానికీ పాకి, జాతీయ లీగ్ దాకా వచ్చింది.

లీగ్ అనే పేరే తప్ప నడిచింది టోర్నమెంటులాగే. ఆ తర్వాతి ఏళ్లలోనూ ఇదే తీరు. ఒకసారి షిల్లాంగ్, ఒకసారి లూధియానా, ఒకసారి బెంగళూరు, ఒకసారి భువనేశ్వర్, ఒకసారి అహ్మదాబాద్. అందరూ పెట్టెలు సర్దుకుని ఒకే ఊరు చేరాలి. రోజు విడిచి రోజు మ్యాచ్. మోకాలు పట్టేసినా, మడమ వాచినా, ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు వేసి కట్టుకుని మళ్లీ దిగాలి. అది తగ్గేలోపే పోటీ అయిపోతుంది, జట్టు చెదిరిపోతుంది. మిగతా పదకొండు నెలలు ఎవరింట్లో వాళ్లు. ఇరవై రోజుల ఆటను నమ్ముకుని ఏ తల్లి కూతుర్ని 'పోయి ఆడుకో తల్లీ' అంటుంది?

2023-24 సీజన్లో తొలిసారి సొంత గడ్డ మీదో మ్యాచ్, అవతలివాళ్ల గడ్డ మీదో మ్యాచ్ పద్ధతి వచ్చింది. అప్పుడు ఏడు జట్లు. 2024-25లో ఎనిమిది. జనవరి 10న మొదలై ఏప్రిల్ 18 దాకా సరిగ్గా పద్నాలుగు వారాలు. ఒక్కో జట్టుకు పద్నాలుగు మ్యాచ్‌లు. వారానికి సగటున ఒక మ్యాచ్. మధ్యలో సాధనకూ, తప్పులు దిద్దుకోవడానికీ, దెబ్బ మానడానికీ వ్యవధి. సంగీత గోల్‌ను ఆమె ఊరివాళ్లు గట్టు మీద కూర్చుని చూడగలిగారంటే ఈ మార్పు పుణ్యమే.

బాక్సు: విజేతలు

■ 2016-17: ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ (మణిపూర్)
■ 2017-18: రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్ (ఒడిశా)
■ 2018-19: సేతు ఎఫ్‌సీ (తమిళనాడు)
■ 2019-20: గోకులం కేరళ
■ 2020-21: కొవిడ్ వల్ల జరగలేదు
■ 2021-22: గోకులం కేరళ
■ 2022-23: గోకులం కేరళ
■ 2023-24: ఒడిశా ఎఫ్‌సీ
■ 2024-25: ఈస్ట్ బెంగాల్

ఏడాదిలో తలకిందులు

ఈస్ట్ బెంగాల్ ఈ కప్పు కొట్టడం వెనక ఒక మనిషి ఆలోచన ఉంది. కోచ్ ఆంథోనీ ఆండ్రూస్. 2022-23లో గోకులం కేరళకు టైటిల్ తెచ్చినవాడు ఆయనే. 2023-24లో ఈస్ట్ బెంగాల్ పాయింట్ల పట్టికలో అట్టడుగుకు దగ్గర్లో ఉండిపోయింది. ఆ తర్వాత క్లబ్ ఆయన్ని తెచ్చుకుంది. ఆయనతోపాటు దేశంలో పేరున్న ఆటగాళ్లనూ తెచ్చుకుంది. రక్షణ శ్రేణిలో ఆశాలతా దేవి. 2024 అక్టోబరులో కాఠ్మాండూలో పాకిస్థాన్ మీద ఆడి, దేశం తరఫున వంద మ్యాచ్‌లు పూర్తిచేసిన తొలి భారత మహిళ ఆమె. గోల్ దగ్గర పాంథోయ్ చాను. ఇద్దరూ మణిపూర్ బిడ్డలే. సీనియర్ జాతీయ ఛాంపియన్‌షిప్‌ను ఇరవైసార్లకు పైగా గెలిచిన రాష్ట్రం అది. దేశంలో ఏ క్లబ్ కప్పు ఎత్తినా, ఆ జట్టులో ఇంఫాల్ లోయ అమ్మాయి లేకుండా ఉండడం అరుదు. 2023 మే నుంచి ఆ రాష్ట్రం హింసతో అల్లాడుతుంటే, ఈ పిల్లలు ఇంటి కబురు కోసం ఫోను పట్టుకుని, దాన్ని పక్కన పెట్టి గ్రౌండ్‌లోకి దిగారు. పాయింట్ల పట్టికలో ఈ సంగతి కనిపించదు.

గోల్స్ లెక్కలో మాత్రం సీజన్ మొత్తం మీద ఒకే పేరు మార్మోగింది. ఉగాండా స్ట్రైకర్ ఫాజిలా ఇక్వాపుట్. గోకులం తరఫున 24 గోల్స్ కొట్టింది. పద్నాలుగు మ్యాచ్‌ల లీగ్‌లో ఇరవై నాలుగు! ఆమె ఎదురుపడిన ప్రతి డిఫెండరూ ఆ ఏడాది ఒక కొత్త పాఠం నేర్చుకుంది. అంతకుముందు ఈ లీగ్‌లో ఇదే పని చేసిపెట్టింది నేపాల్ అమ్మాయి సబిత్రా భండారి. 2019లో సేతుకూ, 2020లో గోకులానికీ కప్పు తెచ్చి, ఆ తర్వాత ఇజ్రాయెల్, ఫ్రాన్స్ క్లబ్బుల దాకా వెళ్లింది. పరాయి దేశపు ఆటగాళ్లు వస్తే మనవాళ్ల చోటు పోతుందనే వాదన ఉంది. వారం వారం ఫాజిలా లాంటి మనిషిని అడ్డుకోవడం కంటే మంచి శిక్షణ మన డిఫెండర్లకు ఏ క్యాంపులోనూ దొరకదు.

ఆ సీజన్లో కన్నీళ్లు కూడా తక్కువేం కాలేదు. అంతకుముందేడు ఛాంపియన్ ఒడిశా ఎఫ్‌సీ, ఆ ఏడు ఢిల్లీ జట్టు హాప్స్‌తో పాటు రెండో డివిజన్‌కు జారిపోయింది. ఒక్క ఏడాదిలో సింహాసనం నుంచి గుమ్మం బయటికి. అంతకు కొన్ని నెలల ముందే, 2024 అక్టోబరులో, ఒడిశా అమ్మాయిలు వియత్నాంలోని హో చి మిన్ నగరంలో ఆసియా ఛాంపియన్స్ లీగ్ ఆడారు. జపాన్ క్లబ్ ఉరావా చేతిలో 0-17తో ఓడారు. పదిహేడుసార్లు వలలోంచి బంతి తీసి మధ్య గీత వైపు పంపడం ఎలా ఉంటుందో ఆ గోల్ కీపర్‌కే తెలియాలి. ఆ స్కోరును చూసి నవ్వినవాళ్లు ఒక సంగతి మరిచారు. ఉరావాది ఏడాది పొడవునా జీతాలిచ్చి నడిపే లీగ్. మన అమ్మాయిలకు ఇంటా బయటా ఆడే లీగ్ పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

బాక్సు: 2024-25 సీజన్ అంకెల్లో

■ జట్లు 8: ఈస్ట్ బెంగాల్, గోకులం కేరళ, ఒడిశా ఎఫ్‌సీ, కిక్‌స్టార్ట్, సేతు, శ్రీభూమి, నీతా ఫుట్‌బాల్ అకాడమీ, హాప్స్
■ మొత్తం మ్యాచ్‌లు 56
■ అత్యధిక గోల్స్: ఫాజిలా ఇక్వాపుట్, 24
■ కిందికి జారిన జట్లు 2
■ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జట్లు: లేవు

కిసాన్‌నగర్ తండా

ఇక మన అమ్మాయి దగ్గరికి వద్దాం.

నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా. లంబాడీల ఊరు. 2001లో పుట్టిన గుగులోత్ సౌమ్య మొదట పరుగు పందేల పిల్ల. పరిగెత్తితే పట్టుకోవడం కష్టం. ఆ కాళ్ల వేగం చూసిన కోచ్ చేతికి బంతి ఇచ్చాడు, సరిగ్గా చెప్పాలంటే కాలికి. సైడ్ లైన్ పక్కన బంతిని ముందుకు తోసుకుని డిఫెండర్‌ను దాటి దూసుకుపోయే సౌమ్య ఆటలో నేటికీ ఆ పరుగు పందెం పిల్ల కనిపిస్తుంది. బంతి తన్నాక అడుగులు లెక్కపెట్టుకోదు. తల ఎత్తి గోల్ వైపు చూసేసరికి పక్కనున్న డిఫెండర్ రెండు గజాలు వెనకబడి ఉంటుంది.

వయసు విభాగాల జట్లలో ఆడి, 2021లో సీనియర్ జాతీయ జట్టులోకి వచ్చింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. తండా నుంచి జాగ్రెబ్ దాకా! తిరిగొచ్చి గోకులానికి ఆడింది, అక్కణ్నుంచి ఈస్ట్ బెంగాల్ చేరింది. 2024-25 సీజన్లో తొమ్మిది గోల్స్ కొట్టింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఆమెను ఎంపిక చేసింది.

ఆ వార్తకు మన పేపర్లలో ఎంత చోటు దక్కిందో గుర్తుచేసుకుంటే మనసు చివుక్కుమంటుంది. క్రికెట్‌లో ఒక అర్ధ సెంచరీకి దక్కే చోటు కూడా ఆమెకు దక్కలేదు. దేశంలో అందరికంటే బాగా ఆడిన అమ్మాయి మన ఊరి పిల్ల అన్న సంగతి నిజామాబాద్ బస్టాండ్‌లో నిలబడి అడిగితే ఎంతమందికి తెలిసి ఉంటుంది?

జీతం అంటే ఎంత?

బంతి తన్ని బతకొచ్చా అన్నది ఏ ఇంట్లోనైనా మొదటి ప్రశ్న. చాలాకాలం దీనికి జవాబు ఉద్యోగం. స్పోర్ట్స్ కోటాలో పోలీసు శాఖో, రైల్వేయో, పారామిలిటరీయో చేర్చుకుంటేనే ఆట సాగుతుంది. 2019 ఫైనల్లో సేతుతో తలపడిన జట్టు పేరే మణిపూర్ పోలీస్. సంగీతకు సశస్త్ర సీమా బల్. ఆట కోసం ఉద్యోగం కాదు, ఉద్యోగం ఉంటేనే ఆట.

2023లో సమాఖ్య ఒక అడుగు వేసింది. లీగ్‌లో ఆడే ప్రతి క్లబ్ కనీసం పది మంది భారత ఆటగాళ్లకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని నిబంధన పెట్టింది. నెలకు ఇరవై ఆరు వేల పైచిలుకు. నగరంలో ఒక చిన్న ప్రైవేటు ఉద్యోగి జీతమంత. గొప్పగా చెప్పుకోవాల్సిన మొత్తం కాదు. అయినా తండాలోనో, సంథాల్ పల్లెలోనో ఒక తండ్రి చేతిలో నెల నెలా ఆ డబ్బు పడితే కూతురి పెళ్లి మాట రెండేళ్లు వెనక్కి జరుగుతుంది. ఆ రెండేళ్లలోనే ఆటగత్తె తయారవుతుంది. క్లబ్బులు ఆ డబ్బును సమయానికి ఇస్తున్నాయా లేదా అని సమాఖ్య గట్టిగా చూసుకోవాలి. నిబంధన కాగితం మీద ఉండిపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పెద్దల గొడవ, పిల్లలకు శిక్ష

ఈ లీగ్ కథలో మరిచిపోలేని ఒక ప్రయాణం ఉంది. 2022 ఆగస్టు. లీగ్ గెలిచిన గోకులం అమ్మాయిలు ఆసియా క్లబ్ ఛాంపియన్‌షిప్ ఆడేందుకు ఉజ్బెకిస్థాన్‌లోని తాష్కెంట్‌లో దిగారు. సరిగ్గా అప్పుడే ఫిఫా భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. కారణం సమాఖ్య పాలనలో బయటివాళ్ల జోక్యం. కోర్టులు, కమిటీలు, ఎన్నికల తగవు. ఆ తగవులో ఆ అమ్మాయిల పాత్ర సున్నా. హోటల్ గదిలో కిట్ బ్యాగులు తెరిచి కూర్చున్నవాళ్లు ఒక్క మ్యాచ్ ఆడకుండా ఇంటిదారి పట్టారు. ఆగస్టు 26న ఫిఫా నిషేధం ఎత్తేసింది. అప్పటికే వాళ్లకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

2024 మార్చిలో మరొకటి. గోవాలో రెండో డివిజన్ లీగ్ ఆడుతున్న హిమాచల్ క్లబ్ అమ్మాయిలు తమ హోటల్ గదిలోకి వచ్చి దాడి చేశాడంటూ సమాఖ్య కార్యవర్గ సభ్యుడొకరిపై ఫిర్యాదు చేశారు. పోలీసులు అరెస్టు చేశారు, సమాఖ్య సస్పెండ్ చేసింది. ఆడపిల్లను ఆటకు పంపడానికి ఇంట్లోవాళ్లు ఎందుకు జంకుతారో విడిగా పరిశోధన చెయ్యక్కర్లేదు. రైలు బోగీ నుంచి హోటల్ గది దాకా వాళ్లకు రక్షణ ఉందన్న నమ్మకం కలిగించడం కూడా లీగ్ నడపడంలో భాగమే.

చియాంగ్ మాయ్‌లో ఫలం

ఇన్ని ఒడుదొడుకుల మధ్య ఆ పద్నాలుగు వారాలు ఏమిచ్చాయి?

2025 జులై 5. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్. ఆసియా కప్ అర్హత పోటీల్లో ఆఖరి మ్యాచ్. మంగోలియా మీద 13-0, తైమూర్ లెస్తే మీద 4-0, ఇరాక్ మీద 5-0 గెలిచి వచ్చిన భారత జట్టుకు ఎదురు నిలిచింది ఆతిథ్య జట్టు, ర్యాంకుల్లో మనకంటే ఎంతో పైనున్న థాయ్‌లాండ్. 28వ నిమిషంలో గోల్. థాయ్‌లాండ్ సమం చేసింది. 74వ నిమిషంలో మళ్లీ గోల్. 2-1. రెండూ కొట్టింది కల్యాణి అమ్మాయి సంగీతే. మూడు నెలల తేడాలో క్లబ్‌కు లీగ్, దేశానికి ఆసియా కప్ బెర్తు. కోచ్ క్రిస్పిన్ ఛెత్రి. అంతకుముందు ఒడిశాకు లీగ్ గెలిపించింది ఆయనే. లీగ్‌లో తర్ఫీదైన కోచ్, లీగ్‌లో రాటుదేలిన ఆటగాళ్లు.

అర్హత పోటీల్లో గెలిచి భారత మహిళలు ఆసియా కప్‌కు వెళ్లడం ఇదే తొలిసారి. 1980, 83లలో మన ఆడవాళ్లు ఆసియాలో రన్నరప్‌గా నిలిచారన్నది నేటి తరానికి కథలా వినిపిస్తుంది. 1975లో తొలి జాతీయ ఛాంపియన్‌షిప్ నడిపిన మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య, ఆ ఆటగాళ్లలో అర్జున అవార్డు పొందిన శాంతి మల్లిక్ పేర్లు ఇప్పుడు పాత ఆల్బమ్‌లలోనే ఉన్నాయి. 2022లో సొంతగడ్డ మీద ఆసియా కప్ జరిగినా, జట్టులో కొవిడ్ ప్రబలి చైనీస్ తైపీతో మ్యాచ్‌కు పదమూడు మందిని కూడా పోగెయ్యలేక తప్పుకోవలసి వచ్చింది. ఆ గాయానికి చియాంగ్ మాయ్ కొంత మందు రాసింది.

క్లబ్బులకూ ఫలితం దక్కింది. 2025 నవంబరులో ఈస్ట్ బెంగాల్ చైనాలోని వూహాన్‌లో ఆసియా ఛాంపియన్స్ లీగ్ ఆడి, ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది. తర్వాతి రెండు మ్యాచ్‌లూ ఓడి ఇంటికొచ్చినా, ఆ పోటీ గ్రూప్ దశలో భారత క్లబ్‌కు అది తొలి గెలుపు. అదే పోటీలో ఒడిశా పదిహేడు గోల్స్ తిన్న ఏడాదికి వచ్చిన గెలుపు.

మనకెందుకు లేదు?

హైదరాబాద్ ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన జట్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది ఈ ఊరే. ఆ వారసత్వం ఎటు పోయింది? 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మగవాళ్ల క్లబ్ గతే అది. అమ్మాయిల పెద్ద లీగ్‌లో 2024-25లో మన రెండు రాష్ట్రాల జట్టు లేనే లేదు.

పిల్లలు లేక కాదు. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామంలో పల్లెటూరి ఆడపిల్లలు బూట్లు కట్టుకుని బంతి తంతున్నారు. నిజామాబాద్ తండా దేశానికి ఉత్తమ ఆటగత్తెను ఇచ్చింది. కావలసింది వాళ్లు ఆడే జట్టు. కోజికోడ్, బెంగళూరు ఆ పని చేశాయి. ఒక క్లబ్, ఒక గ్రౌండ్, పాతిక మంది ఆటగాళ్లకు ఏడాది పొడవునా జీతం. ఒక మోస్తరు కంపెనీకి గానీ, క్రీడా శాఖకు గానీ ఇది మోయలేని బరువు కాదు. రెండో డివిజన్ నుంచి మొదలుపెట్టి పైకి రావడానికి దారి తెరిచే ఉంది. అదే దారిలో పైకి వచ్చిన జట్లు ఉన్నాయి.

ఇప్పటికైతే పరిస్థితి ఇది. ఈ లీగ్‌లో సౌమ్య ఆటను గట్టు మీద కూర్చుని చూడాలని కిసాన్‌నగర్ తండాలో ఎవరైనా ముచ్చటపడితే, రైలెక్కి పరాయి రాష్ట్రానికి పోవాలి. లేదంటే సాయంత్రం పూట ఫోను తెరిచి, చిన్న తెర మీద ఎరుపు, బంగారు జెర్సీల్లో మన పిల్ల ఏదో వెతుక్కోవాలి.